రైలు టికెట్టు, బ్రౌజరు, డేటాబేసు: అనుమతుల కథ

దేశ రాజధానిలో రైలు రిజర్వేషను కొరకు కంప్యూటరును వినియోగించడం 1985 నవంబరులో ప్రయోగాత్మకంగా మొదలై, 1986 ఫిబ్రవరి నాటికి పూర్తి రూపం దాల్చింది. అంతకు పూర్వం ఒక్కొక్క రైలుకు ఒక్కొక్క రిజిస్టరు ఉండేది. ఏ రైలులో వెళ్లదలచినవారు ఆ రైలు రిజిస్టరు ఉన్న కిటికీ వద్దనే నిలబడవలసి వచ్చేది. పొరపాటున వేరొక వరుసలో నిలబడిన ప్రయాణికుడు గంటసేపు నిరీక్షించిన పిదప, ఇది కాదు, ఆ పక్క కిటికీకి వెళ్లండని చెప్పించుకొని మళ్లీ వరుస చివరకు పోవలసిందే. రైల్వేల సహకారంతో సి.ఎం.సి. సంస్థ రూపొందించిన ‘ఇంప్రెస్’ అనే కంప్యూటరు వ్యవస్థ ఈ బాధను తొలగించింది. ఏ కిటికీ వద్దనైనా ఏ రైలుకైనా టికెట్టు పొందే సౌకర్యం ఏర్పడింది.

ఈ మార్పును మనం సాధారణంగా వేగం, సౌలభ్యం అనే రెండు మాటలతో చెప్పుకొని ఊరుకుంటాము. అయితే మరొక విషయం కూడా ఉన్నది. రిజిస్టరు గుమాస్తా చేతిలో ఉన్నంతకాలం దానిని ఎవరు చూడవచ్చు, ఎవరు దిద్దవచ్చు అన్న ప్రశ్నకు గదికి వేసిన తలుపే సమాధానం. కిటికీకి ఇవతల ఉన్నవాడు అడుగుతాడు, అవతల ఉన్నవాడు రాస్తాడు. కంప్యూటరు వచ్చిన తరువాత కూడా చాలాకాలం ఈ ఏర్పాటే కొనసాగింది. రిజిస్టరు పోయి తెర వచ్చింది గాని, ఆ తెర ముందు కూర్చున్నది రైల్వే ఉద్యోగియే. అతనికొక సంకేతనామం, ఒక రహస్యపదం ఉండేవి. ప్రయాణికుని చేయి కంప్యూటరు మీటలను తాకేది కాదు.

రైల్వే సమాచార వ్యవస్థల కేంద్రం, అంటే వాడుకలో ‘క్రిస్’ అని పిలిచే సంస్థ, 1986లో ఢిల్లీలో ఏర్పడింది. ఆ సంస్థ తయారు చేసిన ‘కాన్‌సర్ట్’ అనే నూతన వ్యవస్థను మొదట అమలుపరచినది మన సికిందరాబాదులో, 1994లో. ఢిల్లీ, ముంబయి, చెన్నై, కోల్‌కతా, సికిందరాబాదు అనే ఐదు కేంద్రాలను ఈ వ్యవస్థతో ఒకే వలయంగా అనుసంధించడం 1999 నాటికి పూర్తయింది. అప్పటినుండి ఢిల్లీలో ఉన్న తెలుగు ఉద్యోగి విజయవాడ నుండి హౌరాకు పోయే బండిలో కూడా చోటు కొనుక్కోగలిగాడు. దేశంలోని నాలుగు మూలలను కలిపిన ఏర్పాట్లలో దీనికి దక్కవలసినంత పేరు దక్కలేదని ఈ రచయిత అభిప్రాయం.

ఇక 2002 ఆగస్టు 3న ఐ.ఆర్.సి.టి.సి. సంస్థ ఇంటర్నెట్ ద్వారా టికెట్ల విక్రయం ప్రారంభించింది. ఆ రోజుతో కిటికీ మాయమైంది. గది తలుపు కూడా మాయమైంది. ఇంట్లో కూర్చున్న అపరిచిత వ్యక్తి తన కంప్యూటరులోని బ్రౌజరు ద్వారా దేశమంతటి బెర్తుల లెక్కను ప్రశ్నించగలుగుతున్నాడు, ఆ లెక్కలో మార్పు తీసుకురాగలుగుతున్నాడు కూడా. తలుపు లేని చోట కాపలా ఎవరిది? ఈ వ్యాసానికి విషయం ఆ ప్రశ్నయే.

మూడు అంతస్తులు

ఇంటర్నెట్ ద్వారా నడిచే ఏ సేవనైనా మూడు అంతస్తుల మేడగా ఊహించవచ్చును. అన్నిటికంటె బయట ఉన్నది బ్రౌజరు. అది వినియోగదారుని యంత్రంలో నడుస్తుంది, తెరపై పుటలను చూపుతుంది, మనం నింపిన వివరాలను పంపుతుంది. లోపల ఉన్నది డేటాబేసు, అనగా పట్టికల రూపంలో సమాచారాన్ని భద్రపరచే నిల్వ. ఈ రెంటికి నడుమ సేవాసంస్థ వారి యంత్రంపై నడిచే ప్రోగ్రాము ఒకటి ఉంటుంది. దానిని అప్లికేషను సర్వరు అంటారు. పాతకాలపు రిజర్వేషను గుమాస్తా స్థానం ఇప్పుడు దీనిదే.

నడుమ మరొకటి ఎందుకు, బ్రౌజరులోని ప్రోగ్రామే నేరుగా డేటాబేసుతో మాట్లాడుకోరాదా అన్న సందేహం విద్యార్థులకు కలుగవచ్చు. ఆ ప్రయత్నం ఒకప్పుడు జరిగింది. 1995లో జావా భాష లోకానికి పరిచయమైనపుడు ‘ఆప్లెట్’ అనే చిన్న ప్రోగ్రాములు బ్రౌజరులోకి దిగి అక్కడనే నడిచేవి. కొందరు ప్రోగ్రాము రచయితలు వాటి ద్వారా డేటాబేసుకు నేరుగా సంబంధం కల్పించబోయారు. అప్పుడు వారికి రెండు అడ్డంకులు ఎదురయ్యాయి.

మొదటిది బ్రౌజరు విధించిన కట్టుబాటు. పరాయి యంత్రం నుండి వచ్చిన ఆప్లెట్ తాను ఏ యంత్రం నుండి వచ్చిందో ఆ యంత్రంతో మాత్రమే మాట్లాడవచ్చును, మరొక యంత్రంతో మాట్లాడరాదు. డేటాబేసు వేరొక యంత్రంపై ఉంటే సంబంధం తెగిపోయేది. ఈ కట్టుబాటు వినియోగదారుని రక్షణకు పెట్టినది. మనం ఏదో ఒక పుట తెరిచినంత మాత్రాన అందులోని ప్రోగ్రాము మన కార్యాలయం లోపలి యంత్రాలన్నిటినీ తట్టి చూడడానికి వీలు ఉండరాదు కదా! 1998లో వెలువడిన జావా రెండవ తరంలో ఈ కట్టుబాటును సడలించే అనుమతి పత్రాల పద్ధతి వచ్చింది. ఏ ప్రోగ్రాము ఏ యంత్రంతో, ఏ ద్వారం గుండా మాట్లాడవచ్చునో ఒక దస్త్రంలో వివరంగా రాసి పెట్టవచ్చును. సూత్రరీత్యా ఇది చక్కని ఏర్పాటే. ఆచరణలో మాత్రం పని జరగడం లేదన్న విసుగుతో చాలామంది అన్ని అనుమతులనూ ఒకేసారి ఇచ్చివేసేవారు. ఇంటికి తాళాల గుత్తి కొని, దానిని వీధి గుమ్మానికే తగిలించినట్లయింది.

రెండవ అడ్డంకి ఇంతకంటె మౌలికమైనది. డేటాబేసు తలుపు తెరవడానికి పేరు, రహస్యపదం కావాలి. నేరుగా మాట్లాడే ప్రోగ్రాములో ఆ రహస్యపదాన్ని దాచవలసి వస్తుంది. బ్రౌజరులోకి దిగిన వస్తువు వినియోగదారుని సొత్తు. దానిని విప్పి చూడడం కొంత శ్రద్ధ ఉన్న కళాశాల విద్యార్థికి ఒక పూట పని. కాబట్టి బ్రౌజరులో పెట్టిన రహస్యం రహస్యం కాదు. ఆప్లెట్ల యుగం ముగిసింది. 2018లో వచ్చిన జావా 11వ వెర్షనులో వాటిని బ్రౌజరులో నడిపే భాగాన్ని తొలగించారు. అయినా ఈ రెండవ అడ్డంకి మాత్రం నేటి బ్రౌజరు ప్రోగ్రాములకూ, సెల్‌ఫోను యాప్‌లకూ అక్షరాలా వర్తిస్తుంది.

బ్రౌజరు తరఫున జరిగే పరీక్షలను కూడా ఈ దృష్టితోనే చూడాలి. వయస్సు గడిలో అక్షరాలు నింపితే పుట వెంటనే మందలిస్తుంది. అది వినియోగదారుని సౌకర్యానికే గాని రక్షణకు కాదు. మోసగాడు ఆ పుటను వాడనే వాడడు, తన సొంత ప్రోగ్రాముతో సర్వరుకు నేరుగా ఉత్తరం రాస్తాడు. అందువల్ల ప్రతి పరీక్ష నడుమ అంతస్తులో తిరిగి జరగవలసిందే.

తక్కువ అధికారమనే సూత్రం

నడుమ ఉన్న ప్రోగ్రాముకు డేటాబేసులో ఎంత అధికారం ఉండాలి? ఈ ప్రశ్నకు శాస్త్రీయమైన సమాధానం యాభై ఏళ్ల నాటిదే. ఐ.బి.ఎం. పరిశోధకుడు ఎడ్గర్ కాడ్ 1970లో సంబంధ పట్టికల సిద్ధాంతాన్ని ప్రతిపాదించాడు. ఆ సిద్ధాంతం మీద నిర్మించిన ‘సిస్టమ్ ఆర్’ అనే ప్రయోగాత్మక డేటాబేసులో ఎవరికి ఏ పట్టికపై ఏ అధికారం ఇవ్వాలి, ఇచ్చినదానిని ఎట్లా వెనుకకు తీసుకోవాలి అన్న విషయాన్ని గ్రిఫిత్స్, వేడ్ అనే ఇద్దరు 1976లో క్రమబద్ధం చేశారు. నేడు చాలా డేటాబేసులలో కనిపించే ‘గ్రాంట్’, ‘రివోక్’ అనే రెండు ఆజ్ఞలకు మూలం అక్కడే. మొదటిది అధికారాన్ని ప్రసాదిస్తుంది, రెండవది ఉపసంహరిస్తుంది. చదవడం, చేర్చడం, మార్చడం, తొలగించడం అనే నాలుగింటినీ వేరువేరుగా ఇవ్వవచ్చును. అంతకు ముందు సంవత్సరమే, 1975లో, సాల్ట్‌జర్, ష్రోడర్ అనే అమెరికా శాస్త్రజ్ఞులు ఒక వ్యాసంలో రక్షణ సూత్రాలను సమీకరించారు. ఏ ప్రోగ్రామైనా తన పనికి అవసరమైన కనీస అధికారంతోనే నడవాలన్నది వాటిలో ఒకటి.

ఊహాత్మకమైన ఒక రిజర్వేషను సేవతో దీనిని వివరించుకుందాము. రైళ్ల వేళలు చూపే భాగానికి వేళల పట్టికను చదివే అధికారం చాలు. టికెట్టు ఇచ్చే భాగానికి బెర్తుల పట్టికను మార్చే అధికారం, టికెట్ల పట్టికలో కొత్త వరుస చేర్చే అధికారం కావాలి గాని, పాత టికెట్ల వరుసలను పూర్తిగా చెరిపివేసే అధికారం అక్కరలేదు. టికెట్టు రద్దయినా వరుస ఉండవలసిందే, పక్కన ‘రద్దు’ అని గుర్తు పడితే చాలు. సొమ్ము తిరిగి ఇచ్చే భాగానికి ప్రయాణికుల వయస్సులతో పని లేదు. ఈ మూడు భాగాలకూ మూడు వేరువేరు ఖాతాలు ఉంటే, వేళలు చూపే భాగంలో ఎవరైనా చొరబడినా వేళలు తప్ప మరేమీ చేజిక్కవు. అందరికీ ఒకే ఖాతా, అది కూడా సర్వాధికారాలున్న ఖాతా ఇచ్చిన చోట, ఏ మూలన కన్నం పడినా మొత్తం ఇల్లు దొంగదే. చిన్న సంస్థలు ఈ రెండవ మార్గాన్నే ఎంచుకోవడం సర్వసాధారణం. కారణం దురుద్దేశం కాదు, తొందర.

కనీస అధికారమనే సూత్రానికి ఒక సుందరమైన ఉదాహరణ అందరికీ తెలిసినదే, గమనించినవారు తక్కువ. పది అంకెల పి.ఎన్.ఆర్. సంఖ్య తెలిసిన ఎవరైనా ఆ టికెట్టు స్థితిని తెలుసుకోవచ్చును. ప్రయాణికుడే కానక్కరలేదు, స్టేషనుకు ఎదురు వెళ్లే బంధువైనా సరే. అయితే అక్కడ పేరు కనిపించదు. ఒకటవ ప్రయాణికుడు, రెండవ ప్రయాణికుడు అని మాత్రమే ఉంటుంది. బెర్తు దొరికిందా లేదా అన్న సమాచారం బంధువుకు కావాలి, ఆ బెర్తులో పోయేదెవరన్నది అపరిచితునికి అక్కరలేదు. పట్టికలో కొన్ని గడులను మాత్రమే చూపి తక్కిన వాటిని మూసి ఉంచే ఇటువంటి కిటికీని డేటాబేసు పరిభాషలో ‘వ్యూ’ అంటారు.

ఈ వివేచన మొదటినుండీ ఉన్నదని చెప్పలేము. పెట్టె తలుపు పక్కన అతికించిన రిజర్వేషను చార్టును పెద్దలు మరచిపోలేదు. ఫలానా పెట్టెలో, ఫలానా బెర్తులో, ఫలానా పేరు గల ఇరవై రెండేళ్ల స్త్రీ ప్రయాణం చేస్తున్నదని ప్లాట్‌ఫారంపై నడిచే ప్రతివాడూ చదువుకునేవాడు. కాగితం ఆదా, పని ఆదా అనే దృష్టితో 2018 మార్చి 1 నుండి పెద్ద స్టేషన్లలో పెట్టెలకు చార్టులు అతికించడాన్ని రైల్వేలు ప్రయోగాత్మకంగా నిలిపివేశాయి. 2019లో చార్టును ఇంటర్నెట్‌లో చూసే వీలు కలిగింది. అందులో ఖాళీ బెర్తులు కనిపిస్తాయి, పేర్లు కనిపించవు. ఉద్దేశించి చేసినా చేయకపోయినా, ఒంటరిగా ప్రయాణించే యువతులకు ఇది ఒక ఉపకారమే.

మాటలో దాగిన ఆజ్ఞ

నడుమ ప్రోగ్రాము డేటాబేసును అడిగేటపుడు ఎస్.క్యూ.ఎల్. అనే ప్రశ్న భాషను వాడుతుంది. “పేరు రామయ్య అయిన వరుసను తీసుకురా” అన్న ధోరణిలో ఆ వాక్యం ఉంటుంది. రామయ్య అన్న మాట బ్రౌజరు నుండి వచ్చినది, తక్కిన వాక్యం ప్రోగ్రాము రచయిత రాసినది. రెంటినీ అతికించి ఒకే వాక్యంగా పంపే అలవాటు చాలాకాలం ఉన్నది. ఒక తుంటరి పేరు గడిలో “రామయ్య, లేకపోతే ఒకటి ఒకటికి సమానమైన” అని ఆ భాషలో నింపాడనుకోండి. ఒకటి ఎప్పుడూ ఒకటికి సమానమే గనుక, డేటాబేసు వరుసలన్నిటినీ తెచ్చి ముందు పోస్తుంది. వాక్యంలో ఏది సమాచారమో, ఏది ఆజ్ఞయో దానికి తెలియదు. ఈ లోపాన్ని 1998లో ఒక రచయిత అమెరికాలోని ఒక పత్రికలో బహిరంగంగా వివరించాడు. అది నేటికీ పూర్తిగా అంతరించలేదు.

దీనికి మందు కష్టమైనది కాదు. ప్రశ్న వాక్యాన్ని ఖాళీ గడులతో ముందుగానే డేటాబేసుకు అప్పగించి, గడులలో నింపవలసిన విలువలను వేరుగా పంపాలి. అప్పుడు రామయ్య పేరు ఎంత విచిత్రంగా ఉన్నా అది పేరుగానే ఉంటుంది, ఆజ్ఞగా మారదు. పాఠశాలల్లో ప్రోగ్రామింగు నేర్పేవారు మొదటి రోజునుండే ఈ పద్ధతిని అలవరచడం మంచిది. అతికించే పద్ధతిని ముందు నేర్పి, అది తప్పని తరువాత చెప్పడం వల్ల ప్రయోజనం తక్కువ.

నీవెవరో తెలిసింది, ఇది నీదేనా?

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాము. 2021 ఆగస్టులో చెన్నై ప్రాంతానికి చెందిన 17 ఏళ్ల పాఠశాల విద్యార్థి ఒకడు ఐ.ఆర్.సి.టి.సి. సైటులో టికెట్టు కొంటూ ఒక విశేషాన్ని గమనించాడు. తన లావాదేవీ వివరాల కొరకు బ్రౌజరు పంపే అభ్యర్థనలో ఒక సంఖ్య ఉన్నది. ఆ సంఖ్య స్థానంలో మరొక సంఖ్య ఉంచితే, మరొకరి టికెట్టు వివరాలు వచ్చాయి. పేరు, వయస్సు, లింగం, పి.ఎన్.ఆర్. సంఖ్య, రైలు, తేదీ అన్నీ. ఆ దారిన వెళ్లినవారు పరాయివారి టికెట్టును రద్దు చేయడానికి, ఎక్కే స్టేషనును మార్చడానికి కూడా అవకాశం ఉన్నదని ఆ బాలుడు గ్రహించాడు. ఎవరి టికెట్టునూ ముట్టుకోకుండా, ఆగస్టు 30న కంప్యూటరు అత్యవసర స్పందన దళానికి, అంటే కేంద్ర ప్రభుత్వం 2004లో నెలకొల్పిన ‘సెర్ట్-ఇన్’ సంస్థకు తెలియజేశాడు. కొద్ది రోజులలోనే లోపాన్ని సరిదిద్దారు. ఆ విద్యార్థి ప్రవర్తనను ఈ పత్రిక చదివే విద్యార్థులు గమనించాలి. లోపం కనిపించినపుడు దానిని పరీక్షిస్తూ పదిమంది వివరాలు పోగు చేయడం కుతూహలం కాదు. 2000 నాటి సమాచార సాంకేతిక చట్టం 43వ సెక్షను కిందికి, దురుద్దేశం ఉంటే 66వ సెక్షను కిందికి వచ్చే పని అది.

ఇక్కడ ఏమి లోపించిందో నిదానంగా ఆలోచిద్దాము. బాలుడు తన ఖాతాలో సక్రమంగానే ప్రవేశించాడు. నడుమ ప్రోగ్రాముకు డేటాబేసులో టికెట్లను చదివే అధికారం సక్రమంగానే ఉన్నది, అది లేనిదే సేవ నడవదు. ప్రశ్న వాక్యంలో దొంగ ఆజ్ఞ ఏదీ లేదు. బయటినుండి చూస్తే మూడు తాళాలూ సరిగానే ఉన్నాయి. అడగని ప్రశ్న ఒక్కటే: ఈ సంఖ్య గల టికెట్టు ఈ ఖాతాదారునిదేనా?

గుర్తింపు వేరు, అనుమతి వేరు. నీవు ఫలానా అని నిరూపించుకోవడం గుర్తింపు. ఫలానా అయిన నీవు ఈ వస్తువును ముట్టుకోవచ్చునా అన్నది అనుమతి. ఇంటి యజమాని అని తెలిసినంత మాత్రాన అతనికి వీధిలోని అన్ని ఇళ్ల తలుపులూ తెరవము. పాతకాలపు గుమాస్తా ఈ రెండవ ప్రశ్నను అలవాటుగా అడిగేవాడు. టికెట్టు రద్దు చేయమంటే, టికెట్టు ఇటు ఇవ్వండి అనేవాడు. ఆ కాగితం చేతిలో ఉండడమే హక్కుకు సాక్ష్యం. కాగితం పోయి సంఖ్య మిగిలిన తరువాత, సంఖ్యను ఎవరైనా ఊహించగలరు గనుక, సాక్ష్యం మరొక చోట వెతకవలసి ఉన్నది.

డేటాబేసు తనంత తానుగా దీనిని ఎందుకు పట్టుకోలేకపోతుంది? కారణం మన ఇంటర్నెట్ సేవల నిర్మాణంలోనే ఉన్నది. ప్రతి వినియోగదారునికి డేటాబేసులో ఒక ప్రత్యేక ఖాతా తెరచి, అతడు వచ్చినపుడల్లా కొత్త సంబంధం కల్పించడం చాలా ఖర్చుతో కూడిన పని. కోట్లమందికి అది సాధ్యం కాదు. అందువల్ల నడుమ ప్రోగ్రాము కొన్ని సంబంధాలను ముందే తెరచి ఉంచుకొని, వచ్చినవారందరి పనీ వాటి ద్వారానే జరిపిస్తుంది. డేటాబేసు దృష్టిలో అడిగేవాడు ఎప్పుడూ ఒక్కడే, ఆ ప్రోగ్రామే. దాని వెనుక నిలబడినది సీతమ్మయో, సుల్తానో దానికి తెలియదు. తెలిసినది ఒక్క నడుమ ప్రోగ్రాముకే. కాబట్టి ప్రతి అభ్యర్థన వద్దా, ఒక్కటి కూడా విడవకుండా, సొంతదారు ఎవరన్న ప్రశ్న అక్కడే అడగాలి. వంద పుటలున్న సేవలో తొంబై తొమ్మిది పుటలలో అడిగి ఒకదానిలో మరచినా చాలు.

ఈ మరపుకు విరుగుడుగా కొన్ని డేటాబేసులు వరుసలవారీ రక్షణను ప్రవేశపెట్టాయి. ఉచితంగా లభించే పోస్ట్‌గ్రెస్ డేటాబేసులో ఇది 2016లో విడుదలైన 9.5 వెర్షనుతో వచ్చింది. నడుమ ప్రోగ్రాము ప్రతి పనికి ముందు, ఇప్పుడు నేను ఫలానా ఖాతాదారుని పక్షాన అడుగుతున్నానని డేటాబేసుకు చెప్పాలి. అప్పుడు డేటాబేసు ఆ ఖాతాదారుని వరుసలను మాత్రమే ఉన్నట్లుగా, తక్కినవి అసలు లేనట్లుగా ప్రవర్తిస్తుంది. ప్రశ్న అడగడం ప్రోగ్రాము రచయిత మరచినా, డేటాబేసు మరవదు.

మనిషి కాని ప్రయాణికుడు

అనుమతి అన్నది వస్తువుకు మాత్రమే కాదు, వేళకూ పరిమాణానికీ కూడా వర్తిస్తుంది. తత్కాల్ టికెట్ల విషయంలో ఇది స్పష్టంగా కనిపిస్తుంది. శీతల తరగతులకు ఉదయం 10 గంటలకు, తక్కిన తరగతులకు 11 గంటలకు కిటికీ తెరుచుకుంటుంది. నిమిషాల్లో టికెట్లు అయిపోతాయి. తండ్రికి అస్వస్థత అని తెలిసి ఢిల్లీ నుండి వరంగల్లుకు బయలుదేరదలచిన కూలివానికీ, విద్యార్థికీ ఆ నిమిషాలే ఆధారం. వారికి పోటీగా నిలిచినది మనిషి కాదు, గడులను రెప్పపాటులో నింపే అక్రమ సాఫ్ట్‌వేరు. ఇటువంటి ఒక సాఫ్ట్‌వేరు కేసులో కేంద్ర దర్యాప్తు సంస్థ 2017 డిసెంబరులో తన వద్దనే పనిచేస్తున్న ఒక సహాయ ప్రోగ్రామరును అరెస్టు చేయడం సంచలనం కలిగించింది.

ఈ సాఫ్ట్‌వేరు ఏ తాళమూ పగలగొట్టనక్కరలేదు. సక్రమమైన ఖాతాలతో, సక్రమమైన అభ్యర్థనలే పంపుతుంది, అయితే వందల ఖాతాలతో. అందువల్ల రైల్వే శాఖ ఖాతా వెనుక ఉన్న మనిషిని విచారించసాగింది. అనుమానాస్పదమైన 2.5 కోట్ల ఖాతాలను నిష్క్రియం చేసినట్లు 2025 జూన్‌లో ప్రకటించింది. 2025 జూలై 1 నుండి ఇంటర్నెట్‌లో తత్కాల్ టికెట్లు ఆధార్‌తో ధ్రువపడిన ఖాతాలకే పరిమితమయ్యాయి. అధీకృత ఏజెంట్లకు మొదటి అరగంట ప్రవేశం లేకుండా చేశారు. అక్టోబరు 1 నుండి సాధారణ రిజర్వేషనులో కూడా మొదటి 15 నిమిషాలకు ఆధార్ నియమం వర్తించింది. న్యాయం చేకూర్చే ఏర్పాటే. కాని దీనివల్ల ప్రయాణాల నిల్వకూ, గుర్తింపు నిల్వకూ మధ్య బంధం బిగిసిందన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి. నిల్వలో సమాచారం పెరిగిన కొలదీ, పై భాగంలో చెప్పిన రెండవ ప్రశ్నను మరవడం వల్ల కలిగే నష్టం కూడా పెరుగుతుంది.

గోడలలో గోడలు

ఢిల్లీలోనే జరిగిన మరొక ఉదంతం ఇక్కడ ప్రస్తావించక తప్పదు. 2022 నవంబరు 23న అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థలోని కంప్యూటర్లు స్తంభించాయి. దుండగులు ఐదు సర్వర్లలోని దాదాపు 1.3 టెరాబైట్ల సమాచారాన్ని తమ తాళంతో బిగించివేశారు. కొన్నాళ్లపాటు రోగుల నమోదు, పరీక్షల ఫలితాలు చేతిరాతతో నడిపారు. దూరప్రాంతాల నుండి వచ్చిన రోగులు వరుసలలో పడిన ఇక్కట్లు పత్రికలలో వచ్చినవే. ఆసుపత్రి లోపలి కంప్యూటరు వలయాన్ని తగిన విధంగా విభజించకపోవడం చొరబాటుకు దారి ఇచ్చిందని ప్రభుత్వం తరువాత పార్లమెంటుకు తెలియజేసింది.

విభజన అంటే ఏమిటి? డేటాబేసు ఉన్న యంత్రంతో మాట్లాడే అనుమతి నడుమ ప్రోగ్రాము ఉన్న యంత్రానికి మాత్రమే ఉండాలి. రిసెప్షను బల్లపై ఉన్న కంప్యూటరుకూ, గుమాస్తా బల్లపై ఉన్న కంప్యూటరుకూ ఆ దారి మూసి ఉండాలి. లోపల ఉన్నవారంతా మనవారే అన్న భావనతో ఈ గోడలు కట్టడం వాయిదా పడుతూ ఉంటుంది. ఆప్లెట్ ఏ యంత్రంతో మాట్లాడవచ్చునన్న 1995 నాటి కట్టుబాటు వెనుక ఉన్న ఆలోచన సరిగ్గా ఇదే.

చట్టం కూడా ఈ దిశగానే నడిచింది. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది, దాని నియమావళి 2025 నవంబరులో వెలువడింది. సమాచారాన్ని సేకరించిన సంస్థ దాని రక్షణకు తగిన జాగ్రత్తలు తీసుకోవాలని ఆ చట్టం నిర్దేశిస్తుంది.

ప్రయోగశాలలో

కళాశాల ప్రయోగశాలలో పోస్ట్‌గ్రెస్ ఉన్నట్లయితే ఈ విషయాన్ని ఒక మధ్యాహ్నంలో స్వయంగా పరీక్షించవచ్చును. ‘టికెట్లు’ అని ఒక పట్టిక తయారు చేయండి. సంఖ్య, ఖాతాదారు, పేరు, వయస్సు, రైలు, తేదీ అనే గడులు చాలు. కల్పిత పేర్లతో ఇరవై వరుసలు నింపండి, సహవిద్యార్థుల నిజమైన వివరాలు వాడవద్దు. చదివే అధికారం మాత్రమే ఉన్న ఒక ఖాతాను సృష్టించి, దానితో ఒక వరుసను తొలగించడానికి ప్రయత్నించండి. డేటాబేసు నిరాకరిస్తుంది. అదే ఖాతాతో సంఖ్య మార్చి మార్చి అడగండి. ఎవరి టికెట్టునైనా చూపుతుంది. 2021 నాటి లోపం ఇప్పుడు మీ ఎదుట ఉన్నది.

ఆ తరువాత వరుసలవారీ రక్షణను అమలుపరచి, ఖాతాదారు గడికి తగిన నియమం రాసి, తిరిగి అడగండి. పరాయి సంఖ్యకు ఈసారి సున్నా వరుసలు వస్తాయి. చివరగా పట్టికకు యజమాని అయిన ఖాతాతో ప్రవేశించి మరల అడిగితే ఇరవై వరుసలూ కనిపిస్తాయి. నియమాన్ని యజమానికి కూడా నిర్బంధం చేయమని ప్రత్యేకంగా ఆజ్ఞాపిస్తే తప్ప, డేటాబేసు యజమానిని ఏమీ అడగదు. అనేక సేవలలో నడుమ ప్రోగ్రాము ఈ యజమాని ఖాతాతోనే నడుస్తూ ఉంటుంది.